అణు విద్యుత్ కేంద్రాల్లో అత్యవసర డీజిల్ జనరేటర్లు: పర్లాకిమిడి వైపు మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ప్రతిపాదించిన అణు కేంద్రం మాట వచ్చినప్పుడల్లా పర్లాకిమిడిలోనూ, పక్కనే ఉన్న పాతపట్నంలోనూ, బరంపురం తెలుగువాళ్ల మధ్యా చర్చ రేడియేషన్ దగ్గర మొదలై అక్కడే తిరుగుతుంది. నేను డీజిల్ మెకానిక్ ట్రేడ్ పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణి. అణు కేంద్రం అనగానే నా ఆలోచన అక్కడి జనరేటర్ గది మీదికి పోతుంది. ప్రపంచంలో జరిగిన పెద్ద ప్రమాదాల్లో కొన్ని ఆ గది చుట్టూనే నడిచాయి మరి. అణు కేంద్రంలో నేను ఉద్యోగం చేయలేదు. ఇంజిన్ తెలిసినవాడిగా, అందరికీ అందుబాటులో ఉన్న సమాచారం చదివి, నన్ను ఎక్కువగా అడిగిన ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

రియాక్టర్‌ని ఆపేశాక ఇంకా కరెంటు ఎందుకు మాస్టారూ?

ఆపేయడమంటే కేంద్రక విచ్ఛిత్తిని ఆపడం. కంట్రోల్ రాడ్లు కొన్ని సెకన్లలో దిగిపోతాయి, ఆ పని అయిపోతుంది. కానీ ఇంధనంలో అప్పటికే పోగుపడిన రేడియోధార్మిక పదార్థాలు క్షీణిస్తూ వేడిని ఇస్తూనే ఉంటాయి. దాన్ని ఆపే స్విచ్ ఏదీ లేదు. కూడంకుళంలో ఉన్నలాంటి వెయ్యి మెగావాట్ల రియాక్టర్‌లో పుట్టే మొత్తం వేడి 3,000 మెగావాట్లు. ఆపిన క్షణాన అందులో 6, 7 శాతం ఇంకా ఉంటుంది, అంటే సుమారు 200 మెగావాట్లు. కోరాపుట్ జిల్లాలోని మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం మొత్తం సామర్థ్యం దాదాపు 120 మెగావాట్లే. గంట గడిచేసరికి ఆ వేడి 40 మెగావాట్ల చుట్టుపక్కలకు, ఒక రోజుకు 15కి దిగుతుంది. తగ్గుతుంది గానీ రోజుల తరబడి పోదు. దాన్ని తీసుకుపోవడానికి నీళ్లు తిరగాలి, నీళ్లు తిరగాలంటే పంపులు నడవాలి. అవి నడవకపోతే నీరు మరిగి ఆవిరైపోతుంది, ఇంధన కడ్డీలు బయటపడతాయి. వాటి జిర్కోనియం తొడుగు ఆవిరితో కలిసి హైడ్రోజన్‌ని పుట్టిస్తుంది. జపాన్‌లోని ఫుకుషిమాలో భవనాల కప్పులు ఎగిరిపోయింది ఆ హైడ్రోజన్ వల్లే.

కరెంటు తయారు చేసే కేంద్రమే కదా, తన కరెంటు తను వాడుకోలేదా?

నడుస్తున్నంతసేపూ వాడుకుంటుంది. రియాక్టర్ ట్రిప్ అయితే, అంటే రక్షణ వ్యవస్థ దాన్ని చటుక్కున ఆపేస్తే, టర్బైన్ కూడా ఆగిపోతుంది, అప్పుడు బయటి గ్రిడ్ నుంచి తీసుకుంటుంది. ఆ గ్రిడ్ కూడా పోయినప్పుడే డీజిల్ జనరేటర్ పని. 2012 జూలై 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ ఒకేసారి కూలిపోయి ఒడిశా కూడా చీకట్లో పడింది. కాబట్టి గ్రిడ్ మొత్తం పోవడమన్నది కాగితం మీద ఊహ కాదు.

మన భారజల రియాక్టర్లలో కరెంటును నాలుగు తరగతులుగా చూస్తారు. నాలుగో తరగతి గ్రిడ్ నుంచి, కేంద్రం సొంత ఉత్పత్తి నుంచి వచ్చే మామూలు సరఫరా. మూడో తరగతి వెనకాల డీజిల్ జనరేటర్లు ఉంటాయి, ఇది కాసేపు పోయి రావచ్చు. రెండోది క్షణం కూడా పోకూడని ఏసీ సరఫరా. ఒకటోది బ్యాటరీల డీసీ. జనరేటర్ అందుకునే లోపు కంట్రోల్ రూమ్ మీటర్లనీ, రిలేలనీ (కరెంటులో తేడాను పసిగట్టి స్విచ్‌లను కదిపే పరికరాలు) బతికించేది ఆ బ్యాటరీలే.

అంత పెద్ద ఇంజిన్ పది సెకన్లలో ఎలా అందుకుంటుంది?

మన ఊళ్లో నర్సింగ్ హోమ్ వెనకాల ఉండే జనరేటర్ వంద, నూట పాతిక కేవీఏ ఉంటుంది. అణు కేంద్రంలోవి ఒక్కొక్కటి కొన్ని వేల కిలోవాట్లు, ఇంజిన్ ఓడ ఇంజిన్ అంత ఉంటుంది. అది చల్లగా ఉండి, బేరింగులు పొడిగా ఉండి, ఒక్కసారిగా పూర్తి వేగం అందుకుంటే లోపల లోహం లోహాన్ని గీసేస్తుంది. అందుకే దాన్ని ఎప్పుడూ చల్లారనివ్వరు. ఇంజిన్ చుట్టూ తిరిగే జాకెట్ నీటినీ, లూబ్ ఆయిల్‌నీ హీటర్లు రాత్రింబవళ్లు వెచ్చగా ఉంచుతాయి. ఆయిల్‌ని లోపలి భాగాలకు తోయడానికి వేరే చిన్న పంపు ఉంటుంది. స్టార్టింగ్ సాధారణంగా కంప్రెస్డ్ ఎయిర్‌తో. పెద్ద గాలి ట్యాంకుల్లో, కంప్రెసర్ సాయం లేకుండా వరుసగా ఐదుసార్లు స్టార్ట్ చేయగలిగినంత గాలి నిల్వ ఉండాలన్నది అమెరికాలో పాటించే పద్ధతి.

వేగం అందుకోవడంతో పని అయిపోదు. పెద్ద పంపు మోటారు స్టార్టింగ్‌లో మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. అన్ని పంపులూ ఒక్కసారి మీద పడితే జనరేటర్ కూలబడుతుంది. కాబట్టి సీక్వెన్సర్ అనే పరికరం కొన్ని సెకన్ల ఎడంతో ఒక్కో లోడునూ ఎక్కిస్తుంది. ఒక్కో మెట్టులో వోల్టేజీ 75 శాతం కంటే, ఫ్రీక్వెన్సీ 95 శాతం కంటే కిందికి పడకూడదని అమెరికా మార్గదర్శకం. మెట్టు ఎక్కినప్పుడల్లా ఇంజిన్ వేగాన్ని అదుపు చేసే గవర్నర్ డీజిల్ పెంచాలి, వోల్టేజ్ రెగ్యులేటర్ ఎక్సైటేషన్ (జనరేటర్ లోపలి అయస్కాంత బలం) పెంచాలి. రెండూ తేరుకునే లోపే తర్వాతి మెట్టు వస్తుంది.

నెలకోసారి స్టార్ట్ చేసి, బాగానే ఉందని రాసుకుంటే చాలదా?

చాలదు. ఈ పేజీ మొత్తంలో నేను గట్టిగా చెప్పదలచింది ఇదే. ఇంజిన్ మోగిందంటే ఇంజిన్ మోగిందని మాత్రమే తెలుస్తుంది. గ్రిడ్ పోయిన సంగతి రిలే పసిగట్టిందా, గ్రిడ్ వైపు బ్రేకర్ (కరెంటును తెంచే పెద్ద స్విచ్) తెరుచుకుందా, జనరేటర్ బ్రేకర్ మూసుకుందా, సీక్వెన్సర్ వరుస తప్పలేదా, చివర్లో పంపు తిరిగి నీళ్లు తోసిందా? ఈ గొలుసులో ఏ లంకె తెగినా ఇంజిన్ మోత వృథా.

అమెరికా కేంద్రాల్లో పరీక్షలు అంచెలంచెలుగా ఉంటాయి. దాదాపు నెలకోసారి ఇంజిన్‌ని స్టార్ట్ చేసి, గ్రిడ్‌తో సమాంతరంగా కలిపి, నిర్ణీత సామర్థ్యంలో 90 నుంచి 100 శాతం లోడుతో కనీసం గంటసేపు నడుపుతారు. ఆరు నెలలకోసారి నిజమైన ఎమర్జెన్సీలోలాగా వేగంగా స్టార్ట్ చేసి, సుమారు పది సెకన్లలోపు వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ అందుకుంటాయా అని చూస్తారు. ఏడాదిన్నర, రెండేళ్లకోసారి 24 గంటల పరుగు ఉంటుంది. అందులో రెండు గంటలు నిర్ణీత సామర్థ్యం కంటే 5 నుంచి 10 శాతం ఎక్కువ లోడు మోయాలి. ఆ పరుగయ్యాక, ఇంజిన్ ఇంకా వేడిగా ఉండగానే మళ్లీ స్టార్ట్ అవుతుందా అని చూస్తారు. వేడి ఇంజిన్ మొరాయించడం డీజిల్ పని చేసిన ప్రతివాడికీ తెలిసిన సంగతే. రియాక్టర్ ఆగి ఉన్నప్పుడు గ్రిడ్ పోయినట్టు సిగ్నల్ ఇచ్చి, మొదటి రిలే నుంచి చివరి పంపు దాకా మొత్తం గొలుసును నడిపి చూడడం వేరే పరీక్ష.

లోడు లేకుండా తిప్పడం వల్ల ఇంకో నష్టం ఉంది. సిలిండర్ తగినంత వేడెక్కదు, డీజిల్ పూర్తిగా కాలదు. కాలని డీజిల్, మసి కలిసి సైలెన్సర్ గొట్టంలో నల్లటి జిడ్డులా పేరుకుంటాయి. కొన్నాళ్లకు ఇంజెక్టర్ ముక్కు మూసుకుపోతుంది, రింగులు పట్టేస్తాయి. పరీక్ష పేరుతో ఇంజిన్‌ని పాడు చేసుకోవడమే అవుతుంది.

అయితే రోజూ పరీక్షిస్తే ఇంకా మంచిది కదా?

ఒకప్పుడు అమెరికాలో ఇంచుమించు అలాగే అనుకున్నారు. ఒక జనరేటర్ ఫెయిలైతే నిబంధన ప్రకారం మిగతావాటిని పదే పదే, చల్లటి ఇంజిన్‌నే వేగంగా స్టార్ట్ చేసేవారు. దానివల్ల ఇంజిన్లు అరిగిపోతున్నాయని తేలింది. 1984లో అక్కడి అణు నియంత్రణ కమిషన్ అలాంటి చల్లటి వేగపు స్టార్టులను తగ్గించమని కేంద్రాలకు లేఖ రాసింది. ముందుగా ఆయిల్ తోసి, వెచ్చబరిచి, నెమ్మదిగా వేగం పెంచే పద్ధతి అప్పటినుంచి నెలవారీ పరీక్షల్లోకి వచ్చింది.

జనరేటర్ మీద 95 శాతం నమ్మకం అంటారు. నూటికి ఐదుసార్లు ఫెయిలైనా ఫర్వాలేదనా?

అమెరికాలో 1988లో వచ్చిన స్టేషన్ బ్లాకౌట్ (కేంద్రానికి ఏసీ కరెంటు పూర్తిగా పోవడం) నిబంధన కింద ప్రతి కేంద్రం తన జనరేటర్లు అవసరానికి స్టార్ట్ అయి లోడు మోస్తాయన్న నమ్మకానికి 0.95 గానీ 0.975 గానీ లక్ష్యంగా పెట్టుకుంటుంది. ఒక్క జనరేటర్‌కు అది పెద్ద ధైర్యం ఇచ్చే అంకె కాదు, నిజమే. కానీ ఉండేది ఒక్కటి కాదు. 0.975 ఉన్న రెండు జనరేటర్లు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఫెయిలయ్యే పక్షంలో, రెండూ ఒకేసారి ఫెయిలయ్యే అవకాశం 1,600లో ఒకటి. ఆ 'సంబంధం లేకుండా' అన్న షరతు దగ్గరే అసలు తంటా. దాని సంగతి తర్వాతి ప్రశ్నలో.

ముందు ఇంకో లెక్క చూడండి. ఒక జనరేటర్ నమ్మకం కనీసం 0.95 అని 95 శాతం నిశ్చయంగా చెప్పాలంటే, ఒక్క ఫెయిల్యూర్ కూడా లేకుండా వరుసగా 59 పరీక్షలు నెగ్గాలి. నెలకొకటి చొప్పున అయితే దాదాపు ఐదేళ్లు. 0.975 అయితే 119 పరీక్షలు, పదేళ్లు. అందుకే గత ఆరు నెలల్లో ఒక్కసారి కూడా ఫెయిలవ్వలేదన్న మాటకు గణితం పెద్దగా విలువ ఇవ్వదు. ఎవరైనా ఆ మాట చెబితే, ఎన్ని పరీక్షల్లో అని అడగండి. ఎంత లోడు మీద అని కూడా అడగండి.

ఒకటి పోతే ఇంకొకటి ఉంటుంది కదా, టెన్షన్ ఎందుకు?

రెండూ ఒకే కారణంతో పోవచ్చు కాబట్టి. ఒకే బ్యాచ్ డీజిల్, ఒకే మోడల్ రిలే, తప్పుగా అర్థం చేసుకున్న ఒకే మెయింటెనెన్స్ సూచన, ఒకే వరద.

2011 మార్చి 11న ఫుకుషిమా దైచిలో ఆరు యూనిట్లకు 13 డీజిల్ జనరేటర్లు ఉన్నాయి. భూకంపానికి గ్రిడ్ లైన్లు పోయాయి, జనరేటర్లు స్టార్ట్ అయి లోడు అందుకున్నాయి. అప్పటిదాకా అన్నీ అనుకున్నట్టే జరిగాయి. సుమారు 50 నిమిషాలకు సునామీ వచ్చింది. 13లో 12 పనికిరాకుండా పోయాయి. ఆ పన్నెండులో రెండు, 2, 4 యూనిట్లకు చెందినవి, గాలితో చల్లబడే రకం. ఆ ఇంజిన్లు మునగలేదు. కింది అంతస్తులో ఉన్న వాటి కరెంటు ప్యానెళ్లు మునిగాయి. ఇంజిన్లు బాగానే ఉన్నా వాటి కరెంటు పంపుల దాకా చేరే దారి లేకపోయింది. మిగిలిన ఒకే ఒక్క జనరేటర్ ఆరో యూనిట్‌ది. గాలితో చల్లబడేది, కాస్త ఎత్తులో ఉన్నది. అదొక్కటే 5, 6 యూనిట్లు రెండింటినీ కాపాడింది.

స్వీడన్‌లోని ఫోర్స్‌మార్క్‌లో 2006 జూలై 25న గ్రిడ్ లైన్లు కేంద్రానికి కలిసే స్విచ్‌యార్డులో షార్ట్ సర్క్యూట్ జరిగింది. నాలుగు జనరేటర్లూ స్టార్ట్ అయ్యాయి. కానీ ఆ కుదుపుకు నాలుగు యూపీఎస్‌లలో రెండు పడిపోయాయి, వాటి మీద ఆధారపడిన రెండు జనరేటర్లు లైనుకు కలవలేదు. సుమారు 22 నిమిషాల తర్వాత ఆపరేటర్లు చేత్తో కలిపారు. అక్కడ ఇంజిన్ తప్పు ఏమీ లేదు.

అందుకే ఇప్పుడు వేర్వేరు గదులు, వేర్వేరు ఎత్తులు, వేర్వేరు కేబుల్ దారులు అంటారు. కూడంకుళంలో ఒక్కో యూనిట్‌కు నాలుగు విడివిడి భద్రతా వరుసలు ఉన్నాయి, వాటిలో ఒక్కటి పనిచేసినా సరిపోయేలా.

మన దేశంలో ఎప్పుడైనా ఇలాంటిది జరిగిందా?

జరిగింది. 1993 మార్చి 31న తెల్లవారుజామున ఉత్తరప్రదేశ్‌లోని నరోరాలో టర్బైన్ బ్లేడ్లు విరిగి, హైడ్రోజన్ అంటుకుని పెద్ద మంటలు లేచాయి. కేబుళ్లు కాలిపోయాయి. జనరేటర్లు ఉన్నా వాటి కరెంటు చేరాల్సిన చోటికి చేరలేదు. కేంద్రం మొత్తం 17 గంటలు కరెంటు లేకుండా ఉంది. సిబ్బంది టార్చి లైట్లు పట్టుకుని రియాక్టర్ భవనం పైకెక్కి, విచ్ఛిత్తిని అణిచిపెట్టే బోరాన్ ద్రావణం వదిలే వాల్వులను చేత్తో తిప్పారు. డీజిల్ ఇంజిన్‌తో నేరుగా నడిచే ఫైర్ పంపులను స్టార్ట్ చేసి స్టీమ్ జనరేటర్లలోకి (రియాక్టర్ వేడితో ఆవిరి పుట్టించే పాత్రలు) నీళ్లు పంపారు. రియాక్టర్ లోపలి భారజలం పంపు లేకుండానే, వేడికి తనంతట తాను తిరిగి, ఆ వేడిని స్టీమ్ జనరేటర్లకు చేర్చింది. ఇంధనం దెబ్బతినలేదు. ఆ రాత్రి చీకట్లో మెట్లెక్కిన మనుషుల పేర్లు మన పిల్లల పాఠాల్లో లేకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ఆ ఫైర్ పంపులకు ఆల్టర్నేటర్ లేదు, బ్రేకర్ లేదు, కేబుల్ లేదు. ఇంజిన్ షాఫ్టు నేరుగా పంపును తిప్పింది, అంతే.

సాధారణంగా ఫెయిలయ్యేది ఏది?

క్రాంక్ షాఫ్టు విరగడం లాంటివి అరుదు. ఎక్కువగా ఇబ్బంది పెట్టేవి చిన్న వస్తువులే: అంటుకుపోయిన ఎయిర్ స్టార్ట్ వాల్వు, గవర్నర్‌లో మురికి ఆయిల్, ఇంధన గొట్టం దగ్గర వదులైన జాయింటు, మురికి పట్టిన రిలే కాంటాక్టు, తప్పు చదివే సెన్సర్.

1990 మార్చి 20న అమెరికాలోని వోగ్‌టల్ కేంద్రం స్విచ్‌యార్డులో ఒక ట్రక్కు వెనక్కి వస్తూ లైను స్తంభాన్ని గుద్దింది. బయటి కరెంటు పోయింది. ఒక జనరేటర్ అప్పటికే రిపేరుకు విప్పి ఉంది. రెండోది స్టార్ట్ అయి, కాసేపటికే ట్రిప్ అయింది. మళ్లీ స్టార్ట్ చేస్తే మళ్లీ ట్రిప్. జాకెట్ నీటి ఉష్ణోగ్రత సెన్సర్ల మీద అనుమానం పడింది. చివరికి ఆ రక్షణ ట్రిప్పులను దాటవేసే ఎమర్జెన్సీ స్టార్టుతో 36 నిమిషాలకు కరెంటు వచ్చింది. రియాక్టర్ ఆగి ఉన్నా ఈలోగా అందులోని నీరు 32 డిగ్రీల నుంచి 58 డిగ్రీలకు ఎక్కింది.

మామూలు జనరేటర్‌లో ఇంజిన్‌ని కాపాడడం ముఖ్యం, నీళ్లు వేడెక్కితే ఆగిపోవాలి. అణు కేంద్రంలో నిజమైన ఎమర్జెన్సీ వస్తే ఇంజిన్ పాడైనా సరే, పంపు తిరగాలి. అందుకే ఆ సమయంలో మితిమీరిన వేగం, జనరేటర్ లోపలి షార్ట్ సర్క్యూట్ లాంటి ఒకటి రెండు కారణాలకు తప్ప ట్రిప్ కాకుండా పెడతారు.

ట్యాంకులో డీజిల్ ఏళ్ల తరబడి ఉంటే పాడవుతుందా?

అవుతుంది. ట్యాంకులో ఖాళీ ఉన్నచోట గాలిలోని తేమ రాత్రిపూట నీరై అడుగుకు దిగుతుంది. నీరూ డీజిలూ కలిసే ఆ గీత దగ్గర సూక్ష్మజీవులు పెరిగి జిగురు తయారవుతుంది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చాక గజపతి జిల్లాలో కరెంటు లేని రోజుల్లో ఒక నర్సింగ్ హోమ్ వాళ్లు పిలిస్తే వెళ్లాను. వారం వారం తప్పకుండా స్టార్ట్ చేసి, కాసేపు ఖాళీగా తిప్పి ఆపేసే జనరేటర్ అది. తుఫాను రాత్రి కూడా ఠంచనుగా స్టార్ట్ అయిందట. పూర్తి లోడు పడ్డాక కాసేపటికి గొంతు మారి, దగ్గి, ఆగిపోయింది. వాటర్ సెపరేటర్ గిన్నె విప్పితే సగం నీళ్లు. ఫిల్టర్ కాగితం మడతల్లో వేలికి సాగే నల్లటి జిగురు. ఖాళీగా తిప్పినప్పుడు ఇంజిన్ లాగే డీజిల్ చాలా తక్కువ కాబట్టి ఆ ఫిల్టరే సరిపోయింది. పూర్తి లోడు మీద సరిపోలేదు. అదృష్టవశాత్తూ ఆ రాత్రి ఆక్సిజన్ సిలిండర్లు నిండుగా ఉన్నాయి.

అణు కేంద్రాల్లో ట్యాంకు అడుగున చేరిన నీటిని క్రమం తప్పకుండా తీసేస్తారు, నమూనాలు ల్యాబుకు పంపుతారు, కొత్త డీజిల్‌ని పరీక్షించాకే ట్యాంకులోకి వదులుతారు. అమెరికా కేంద్రాల్లో ఏడు రోజులకు సరిపడా నిల్వ ఉంచడం రివాజు.

జనరేటర్ బదులు బ్యాటరీలు పెట్టుకోవచ్చు కదా?

మీటర్లకు, వాల్వులకు, రిలేలకు ఉన్నాయి. పెద్ద పంపులను రోజుల తరబడి నడపడానికి చాలవు. ఫుకుషిమా బ్యాటరీలను ఎనిమిది గంటల లెక్కన పెట్టారు.

మన తీరంలో తుఫాన్లు ఎక్కువ. అప్పుడెలా?

తుఫాను ముందుగా చెప్పి వస్తుంది, అది కొంత మేలు. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2014లో హుద్‌హుద్ విశాఖ దగ్గర, 2018లో తిత్లీ పలాస వైపు తీరం దాటాయి. మూడుసార్లూ పెద్ద టవర్లు కూలాయి, గ్రిడ్ తేరుకోవడానికి రోజులు పట్టింది. కాబట్టి ఇక్కడ ప్రశ్న జనరేటర్ స్టార్ట్ అవుతుందా అన్నది ఒక్కటే కాదు, వారం రోజులు ఆగకుండా నడుస్తుందా అన్నది కూడా. రోడ్లు చెట్లతో మూసుకుపోతే డీజిల్ ట్యాంకర్ ఎటునుంచి వస్తుంది? గాలి తీసుకునే గొట్టంలోకి వర్షం కొడితే ఏమవుతుంది? ప్యానెల్ గది నేల వరద మట్టానికి ఎంత ఎత్తులో ఉంది? 24 గంటల పరీక్ష నెగ్గినంత మాత్రాన ఇవి తేలవు. వీటికి వేరేగా జవాబు కావాలి.

కొవ్వాడలో కూడా ఇవే జనరేటర్లు ఉంటాయా?

శ్రీకాకుళం జిల్లా కొవ్వాడకు ప్రతిపాదించినవి 1,208 మెగావాట్ల చొప్పున ఆరు ఏపీ1000 అనే అమెరికా డిజైన్ రియాక్టర్లు. వాటి పద్ధతి వేరు. ప్రమాద సమయంలో రియాక్టర్‌ని చల్లబరిచే పనికి అవి డీజిల్ జనరేటర్ల మీద ఆధారపడవు. పైన ట్యాంకులో ఉన్న నీరు తన బరువుతో తానే దిగడం, వేడి నీరు పైకి లేచి తిరగడం, గాలి సహజంగా పారడం, వీటితో 72 గంటలు ఏసీ కరెంటు లేకుండా, మనిషి చెయ్యి పడకుండా నిలబడేలా డిజైన్ చేశారు. నరోరాలో భారజలం తనంతట తాను తిరిగింది కదా, ఆ సూత్రాన్నే ఇక్కడ ముందే ఆలోచించి కట్టారు. చైనాలోని సాన్‌మెన్, హైయాంగ్‌లలో, పైన చెప్పిన వోగ్‌టల్‌లోనే 3, 4 యూనిట్లుగా ఇవి నడుస్తున్నాయి.

డీజిల్ జనరేటర్లు అక్కడా ఉంటాయి, కాకపోతే ప్రాణాధారంగా కాదు, అదనపు అండగా. 72 గంటల తర్వాత ట్యాంకులోకి మళ్లీ నీళ్లు తోయడానికి చిన్న జనరేటర్లు వేరే. భద్రతా తరగతి కాదు కాబట్టి వాటి మీద శ్రద్ధ తగ్గే ప్రమాదం ఉందని నా భయం. నాలుగో రోజున కరెంటు లేని శ్రీకాకుళం తీరం ఎలా ఉంటుందో మనకంటే బాగా ఎవరికి తెలుసు? పర్యావరణ అనుమతి కోసం ప్రజాభిప్రాయ సేకరణ పెట్టినప్పుడు అడగాల్సింది అదే: నాలుగో రోజు వాడే ఆ చిన్న జనరేటర్లను ఎంతకోసారి, ఎంత లోడు మీద పరీక్షిస్తారు, ఆ రికార్డు ఎవరు చూస్తారు? హాజరు కాలేని ఒడిశా వైపు వాళ్లు రాతపూర్వకంగా కూడా అభిప్రాయం పంపవచ్చు.

మన దేశంలో వీటిని తనిఖీ చేసేది ఎవరు?

1983లో ఏర్పడిన అణు శక్తి నియంత్రణ మండలి. ప్రతి కేంద్రానికీ ఏ పరికరాన్ని ఎంతకోసారి పరీక్షించాలో, ఏది పనిచేయకపోతే ఎంతసేపట్లో రియాక్టర్ ఆపాలో చెప్పే నిబంధనల పత్రం ఉంటుంది. దాన్ని ఆమోదించేదీ, పాటిస్తున్నారో లేదో చూసేదీ ఆ మండలే.

మా ఊరి ఆస్పత్రి జనరేటర్‌కు ఇందులో పనికొచ్చేది ఏమైనా ఉందా?

చాలా ఉంది. నెలకోసారి కనీసం అరగంట, సగానికి పైగా లోడుతో నడపండి. ఖాళీగా తిప్పడం మానండి. సెపరేటర్ గిన్నెలో నీళ్లు వారానికోసారి వదలండి, ట్యాంకు నిండుగా ఉంచండి. స్టార్టింగ్ బ్యాటరీ కొన్న తేదీని దాని మీదే రాయండి. వర్షాకాలం ముందు ప్యానెల్ నేలకు ఎంత ఎత్తులో ఉందో చూసి, అవసరమైతే దిమ్మ కట్టించండి. ఒక నోటు పుస్తకం పెట్టి స్టార్ట్ అయినవీ, కానివీ, లోడు మోయక ఆగినవీ అన్నీ రాయండి. ఫెయిలైన రోజు రాయకుండా వదిలేస్తే ఆ పుస్తకం ఎందుకూ కొరగాదు.

మూడు నెలలకోసారి, డ్యూటీ డాక్టరుకు ముందే చెప్పి, వెంటిలేటర్ల బ్యాటరీలు చూసుకుని, పగటిపూట మెయిన్ స్విచ్ దించండి. ఒకరు జనరేటర్ దగ్గర, ఒకరు ఆపరేషన్ థియేటర్‌లో నిలబడాలి. థియేటర్‌లో ఉన్నవాళ్లు అక్కడి లైటు వెలగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూసి ఆ పుస్తకంలో రాయాలి.